వేలు ఇవ్వండి, అంకె చెబుతాను

నోట్లో వేలు పెట్టినా కొరకలేనిదాన్ని. ఆ మాటకొస్తే, ఎవరైనా వేలు పెడితే తప్ప నాకు నోరు పెగలదు. బట్టలారేసే క్లిప్పంత ఉంటాను. ఒంట్లో రెండు చిన్న బ్యాటరీలు, ముఖాన రెండు అంకెలు. నెత్తురులో ప్రాణవాయువు ఎంత శాతం నిండిందో ఒకటి చెబుతుంది. నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రెండోది చెబుతుంది. నా పేరు పల్స్ ఆక్సీమీటర్.

తెలుగువాళ్లకు నన్ను పరిచయం చెయ్యనక్కర్లేదు. 2021 కోవిడ్ వేసవిలో నా తోబుట్టువుల కోసం మందుల షాపులన్నీ తిరిగారు మీరు. 94 కంటే దిగితే ఆసుపత్రికి పరుగెత్తాలని ఇంట్లో పిల్లలకు కూడా తెలిసిపోయిన రోజులవి. ఆ అంకె దిగుతుంటే చూస్తూ చూస్తూ మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. నన్ను చూడగానే ఇప్పటికీ కొందరి మొహం వాడిపోతుంది. నా బతుకు మాత్రం ఆసుపత్రిలో గడవలేదు. నేపాల్‌లో ఎవరెస్ట్ బేస్ క్యాంపుకు వెళ్లే దారిలో, ఒక షేర్పా గైడు చొక్కా జేబులో గడుస్తోంది. చలికి బ్యాటరీలు నీరసించిపోతాయని ఆయన నన్ను పగలంతా ఒంటి వేడిలోనే ఉంచుకుంటాడు.

నా వంశకర్త టకువో అయోయాగి అనే జపాన్ ఇంజినీరు. 1970ల మొదట్లో నిహోన్ కోడెన్ సంస్థలో పనిచేస్తూ, గుండె ఎంత రక్తం తోడుతోందో చెవి తమ్మె గుండా వెలుతురు పంపి కొలవాలని చూశాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా కొలత ఊగిపోయి లెక్క చెడేది. ఆ ఊగిసలాటను ఎలా వదిలించుకోవాలా అని తల పట్టుకున్నవాడికి, అసలు సంగతంతా అందులోనే ఉందని తట్టింది. చర్మం, ఎముక, కండ వెలుతురును ఎప్పుడూ ఒకేలా పీల్చుకుంటాయి. నాడితోపాటు హెచ్చుతగ్గులయ్యేది ధమనిలోని నెత్తురు ఒక్కటే. ఆ హెచ్చుతగ్గులను మాత్రం పట్టుకుంటే, వేలికి సూది గుచ్చకుండానే నెత్తురులో ఏముందో చెప్పొచ్చు. 1974లో ఆ ఆలోచన పేటెంటు దరఖాస్తుగా మారింది. నా పైదవడలో వెలిగే రెండు దీపాలూ అక్కడినుంచి వచ్చినవే. ఒకటి ఎరుపు. రెండోది కంటికి కనిపించని పరారుణం. ప్రాణవాయువు నింపుకున్న నెత్తురు ఎర్ర వెలుతురును ఎక్కువగా వదిలేస్తుంది, ఖాళీ అయిన నెత్తురు దాన్ని మింగేస్తుంది. రెండు దీపాల వెలుగులో ఎంతెంత కిందికి చేరిందో పోల్చి నేను అంకె వేస్తాను. అయోయాగి 2020 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే లోకమంతా ఆయన ఆలోచన కోసం వెతుక్కుంటోంది. ఆయనకు దక్కాల్సినంత పేరు దక్కలేదని నాకు బెంగ.

ఇక నా దారి. విమానం 2,860 మీటర్ల ఎత్తున లుక్లాలో దింపుతుంది. అక్కడినుంచి దూధ్‌కోసి నది వెంట, వేలాడే వంతెనల మీదుగా నామ్చే బజారు, 3,440 మీటర్లు. తర్వాత తెంగ్‌బోచే బౌద్ధ మఠం, దింగ్‌బోచే, లోబుచే, గోరక్‌షెప్, చివరికి 5,364 మీటర్ల బేస్ క్యాంపు. అంత పైన కూడా గాలిలో ప్రాణవాయువు వాటా బెజవాడలో ఉన్నంతే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి బరువు. బేస్ క్యాంపులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో ఇంచుమించు సగం. పీల్చే ప్రతి ఊపిరిలోనూ సగం సరుకే దొరుకుతుందన్నమాట. మనిషి ఒళ్లు దానికి అలవాటు పడగలదు, కాస్త వ్యవధి ఇవ్వాలంతే. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఆగాలని వైద్యులు చెబుతారు. నామ్చేలో ఆగిన రోజున కూడా గైడు ఊరికే కూర్చోనివ్వడు. 3,880 మీటర్ల ఎత్తున ఉన్న ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా ఎక్కించి, మళ్లీ నామ్చేకే దింపి పడుకోబెడతాడు.

గైడు ఎందుకు, దారి కనిపిస్తూనే ఉందిగా అనేవాళ్ల మాటలు జేబులోంచి వింటుంటాను. దారి చూపించడం గైడు పనిలో చిన్న వంతు. వేగాన్ని పట్టి ఉంచడం పెద్ద వంతు. బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లు మొదటి రోజు పందెం పెట్టుకున్నట్టు నడుస్తారు. మా ఆయన ముందు నడుస్తూ "బిస్తారై, బిస్తారై" అంటాడు. మెల్లగా, మెల్లగా అని. ఎవరినీ తనను దాటనివ్వడు.

సాయంత్రం లాడ్జి భోజనాల గదిలో, యాక్ పిడకలు మండే పొయ్యి చుట్టూ అందరూ చేరాక, వెల్లుల్లి సూపు వచ్చేలోగా నేను బయటికొస్తాను. ఒక్కొక్క వేలూ పట్టుకుంటాను. ఆయన అంకెలు నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. చల్లబడ్డ వేలిలో నెత్తురు సరిగా ఆడదు కనుక నా అంకె తప్పొచ్చు. గోళ్ల రంగు వేసుకున్నా, వేలు వణికినా అంతే. నల్లటి ఒంటి రంగు ఉన్నవాళ్లలో నేను ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికా వైద్యులు ఆసుపత్రి రోగుల లెక్కలతో తేల్చారు. నన్ను గుడ్డిగా నమ్మొద్దని నేనే చెబుతున్నాను.

ఒకసారి మా బృందమంతా తెలుగువాళ్లు. పదమూడేళ్ల వయసులో, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ గురించీ, ఆమెతో ఎక్కిన ఖమ్మం కుర్రాడు ఆనంద్ గురించీ దారంతా చెప్పుకుంటూ నడిచారు. దింగ్‌బోచేలో, 4,410 మీటర్ల దగ్గర, హైదరాబాద్ బ్యాంకులో పనిచేసే ఒకావిడ నాకు వేలిచ్చింది. 86 చూపించాను. ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"86 ఏంటండీ! మా నాన్నగారికి 88 వచ్చినప్పుడే ఐసీయూలో పెట్టారు."

గైడు తొణకలేదు. తనకు వచ్చిన హిందీలో అడిగాడు. "దీదీ, తల నొప్పిగా ఉందా? అన్నం సయించిందా? తల తిరుగుతోందా?" లేదు, తిన్నాను, లేదు అంది. "అయితే 86 మంచి అంకె. ఈ ఎత్తులో మీకు 98 వస్తే నేను మిషను మార్చాలి."

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. కింద ప్రాణాపాయం అనిపించే అంకె ఇక్కడ ఆరోగ్యం. దీనికి తిరగేసిన సంగతి కూడా అదే బృందంలో చూశాను. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు తన వంతు రాబోయే ముందు గబగబా గాఢంగా ఊపిరి పీల్చి వేలిచ్చేవాడు. అంకె పైకి లేచేది. బృందంలో అందరికంటే తనకే ఎక్కువ. తలనొప్పి మాత్రం ఎవరికీ చెప్పలేదు. రాత్రి వాంతి చేసుకున్నాడు. తలనొప్పితోపాటు వాంతి, నీరసం, తల తిరగడం లాంటివి తోడైతే అది ఎత్తు జబ్బు, అంకె ఎంతైనా సరే. ఆయన కుర్రాడిని నేల మీద గీత వెంట మడమకు బొటనవేలు ఆనిస్తూ నడిపించాడు. తూలితే మెదడులో వాపు మొదలైందని గుర్తు. తూలలేదు. మరునాడు పైకి తీసుకెళ్లలేదు. సహాయ గైడును తోడిచ్చి కిందికి దింపించాడు. కుర్రాడు ఏడ్చాడు. లక్షలు ఖర్చుపెట్టుకుని వచ్చినవాళ్లు ఎందుకు దాచుకుంటారో నాకు అర్థమవుతుంది. కానీ ఎత్తు జబ్బుకు మొట్టమొదటి మందు ఎక్కడం ఆపడం. ముదిరితే దిగడం. మాత్రలన్నీ దాని తర్వాతే.

నేను అసలు చెప్పదలచుకున్నది ఆ తర్వాత లోబుచేలో జరిగింది.

4,940 మీటర్ల ఎత్తు. యాత్రికుల వేళ్లన్నీ చూసేశాను. ఆయన నన్ను జేబులో వేసుకోబోతున్నాడు. ఇన్నాళ్లుగా అంతే. వేళ్లంటే డబ్బు కట్టినవాళ్ల వేళ్లే. సామాను మోసే కూలీలు యాత్రికులు తిన్నాక తినేవాళ్లు, భోజనాల గది బల్లల మీదో వెనక గదిలోనో పడుకునేవాళ్లు. వాళ్ల వేళ్లు నేను ఎరగను. ఆ బ్యాంకు ఆవిడ వేడినీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లి, మూల కూర్చుని దగ్గుతున్న కుర్ర కూలీని చూసింది. ఆవిడ సంచీ మోస్తున్నది అతనే. గోడకు ఆనుకుని కూర్చున్నా ఎగశ్వాస వస్తోంది. పరుగున వచ్చింది.

"భయ్యా, ఆ అబ్బాయికి ఒకసారి పెట్టండి."

"వాళ్లకు ఇదంతా అలవాటే దీదీ."

"అలవాటో కాదో మిషను చెబుతుంది. పెట్టండి."

పెట్టాడు. 57. నాడి 128. చలి వేలని అనుమానించి, అతని చేతిని తన రెండు అరచేతుల్లో రుద్ది మళ్లీ పెట్టాడు. 59. అప్పుడు దీపం పట్టుకుని పెదవులు చూశాడు. నీలం తిరిగి ఉన్నాయి. ఛాతీకి చెవి ఆనించాడు. "ఎప్పటినుంచి భాయి?" అని అడిగాడు. "ఠీక్ ఛ దాయ్" అన్నాడు కుర్రాడు. బాగానే ఉన్నానన్నాడు, మాట మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంటూ.

అది ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు. తెల్లారేదాకా ఆగితే మనిషి దక్కకపోవచ్చు. లాడ్జిలో ఉన్న ఆక్సిజన్ సిలిండరు తగిలించి, ఇంకో సహాయ గైడూ ఇద్దరు కూలీలూ తలదీపాలు పెట్టుకుని అతన్ని అప్పటికప్పుడు కిందికి తీసుకెళ్లారు. నన్ను కూడా వాళ్లతో పంపాడు ఆయన. ఎవరెస్ట్ మీద ప్రాణాలు వదిలినవాళ్ల స్మారక రాళ్ల మధ్య నుంచి, థుక్లా వాలు మీదుగా, రాత్రిపూట ఫెరిచేకి. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ 1973లో పుట్టింది. యాత్రల కాలంలో ఫెరిచేలో వైద్యులతో క్లినిక్ నడుపుతుంది. అక్కడ మాస్కు పెట్టాక అతని వేలు పట్టుకుని నేను కూర్చున్నాను. 70, 78, తెల్లవారుజామున 90. ఇంత ఇష్టంగా నేనెప్పుడూ అంకె వెయ్యలేదు.

అతను షేర్పా కాదు. రాయ్ తెగవాడు. ఊరు ఓఖల్‌ఢుంగా జిల్లాలో, మొక్కజొన్న పండే నడిమి కొండల్లో. షేర్పాల పూర్వీకులు ఎత్తైన టిబెట్ పీఠభూమి నుంచి కొన్ని వందల ఏళ్ల కిందట ఈ ఖుంబు ప్రాంతానికి వచ్చారు. పలచటి గాలికి తట్టుకునే లక్షణాలు తరతరాలుగా వాళ్ల నెత్తురులోనే ఉన్నాయి. నడిమి కొండల రాయ్‌లకు, తమాంగ్‌లకు అలాంటి వారసత్వం ఉందనుకోవడానికి లేదు. నేపాలీ అయితే చాలు, కొండ ఏం చెయ్యదనుకుంటారు యాత్రికులు. ఆ కుర్రాడు మీలాగే పల్లం నుంచి ఎక్కినవాడు. పైగా నుదుటి మీద నామ్‌లో పట్టీ బిగించి, ఇద్దరి సంచులు కలిపి ముప్ఫై కిలోలు మోస్తూ ఎక్కాడు. దగ్గు దింగ్‌బోచేలోనే మొదలైందట. చెబితే వెనక్కి పంపేస్తారని, కూలి పోతుందని, వచ్చే సీజనులో పిలవరని చెప్పలేదట.

1997లో ఒక నేపాలీ యువ కూలీ ఇలాగే ఎత్తు జబ్బుతో చనిపోయాక ఇంటర్నేషనల్ పోర్టర్ ప్రొటెక్షన్ గ్రూప్ ఏర్పడింది. వాళ్ల సూత్రాలు క్లినిక్‌లో వైద్యురాలు చెబుతుంటే విన్నాను. కూలీకి ఎత్తుకు, చలికి తగ్గ బట్టలూ బూట్లూ ఇవ్వాలి. పడుకోవడానికి చోటు, తినడానికి తిండి చూపించాలి. యాత్రికుడికి చేసే వైద్యమే కూలీకీ చెయ్యాలి. జబ్బు చేసినవాణ్ని కూలి లెక్క తేల్చి ఒంటరిగా కిందికి తోలెయ్యకూడదు, అతని భాష వచ్చిన మనిషిని తోడిచ్చి పంపాలి. ఇందులో ఏ ఒక్కటీ గొంతెమ్మ కోరిక కాదు.

మా ఆయన మారాడు. ఇప్పుడు సాయంత్రం మొట్టమొదట వంటగదిలోకి వెళతాడు. కూలీల వేళ్లు అయ్యాకే భోజనాల గదికి వస్తాడు. నోట్‌బుక్‌లో వాళ్ల పేర్లు పైన ఉంటాయి. జబ్బు చేసి దిగిపోయినవాడికి ఆ యాత్ర కూలి మొత్తం ఇచ్చి తీరాలని తన ఏజెన్సీతో తగువు పెట్టుకుని గెలిచాడు. అప్పటినుంచి కూలీలు దగ్గు దాచుకోవడం తగ్గింది.

హిమాలయ యాత్రకు డబ్బు కట్టబోతున్నవాళ్లు నా మాట వినండి. పడుకునే ఎత్తు రోజుకు ఎంత పెంచుతారో, ఆగే రోజులు ఎన్నో ముందే అడగండి. తలనొప్పి వస్తే మొదటి గంటలోనే చెప్పండి. నా నోట్లో వేలు పెట్టే ముందు ఊపిరితో గారడీ చెయ్యకండి. మీ కూలీకి బూట్లు, బీమా, రాత్రికి పడక ఉన్నాయో లేదో అడిగి, లేవంటే ఇంకో ఏజెన్సీని చూసుకోండి. ఇక ప్రతి సాయంత్రం, మీ వేలికంటే ముందు మీ సంచీ మోసిన మనిషి వేలికి నన్ను పెట్టించండి.