స్టార్లు సరే, చెక్కులేవీ?

ప్రోగ్రామర్లకు పనిముట్లు అమ్మే స్టార్టప్ వాళ్ల కష్టం పగవాడికి కూడా వద్దు. నెలకు పది డాలర్లంటే చాలు, కొనేవాడు ముఖం చిట్లించి 'ఈ మాత్రం శని, ఆదివారాల్లో నేనే రాసుకుంటా' అంటాడు. రాయడు, అది వేరే సంగతి. అందుకే మొదట కోడ్ ఉచితం, టీషర్టు ఉచితం, ల్యాప్‌టాప్ మూత నిండా స్టిక్కర్లూ ఉచితమే. గిట్‌హబ్‌లో స్టార్లు వేలల్లో రాలతాయి. జీతాల రోజున వాటిని ఏ బ్యాంకూ తీసుకోదు.

అప్పుడిక ఉచిత కోడ్‌కు షరతులు తగిలిస్తూ లైసెన్సు మారుతుంది. 2024 మార్చిలో డేటాబేస్ కంపెనీ రెడిస్ అదే చేసింది. పట్టుమని పది రోజులైనా కాకముందే దాని పాత కోడ్ పట్టుకుని 'వాల్కీ' అనే ప్రాజెక్టు వేరుకాపురం పెట్టేసింది, అదీ లినక్స్ ఫౌండేషన్ నీడన, అమెజాన్, గూగుల్ అండతో! 2025 మేలో రెడిస్ మళ్లీ ఓపెన్ సోర్స్ దారికొచ్చింది. ఈలోగా వెళ్లినవాళ్లు కొత్తింట్లో పాలు కూడా పొంగించేసుకున్నారు.