చెవిటి వానపాము ముందు కచేరీ

చెవిటివాడి ముందు శంఖం ఊదితే లాభం లేదని తెలుగువాళ్ళు ఏనాడో తేల్చేసి, సామెత కట్టేసి, చేతులు దులుపుకున్నారు. నిజంగా ఊది చూసి, ఏం జరిగిందో రాసిపెట్టినవాడు మాత్రం చార్లెస్ డార్విన్. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, డౌన్ అనే పల్లెటూళ్ళో, ఆయన తన ఇంట్లో మట్టి కుండీలలో వానపాముల్ని పెంచాడు. వాటికి వినికిడి ఉందో లేదో తెలుసుకోవడానికి వాటి ముందు ఒక రేకు ఈలను చెవులు చిల్లులు పడేలా ఊదించాడు. పాములు కదల్లేదు. కొడుకు ఫ్రాన్సిస్ బసూన్ అందుకున్నాడు. అది సన్నాయికి దూరపు చుట్టమైన పొడవాటి వాద్యం. గొంతు మాత్రం గేదెది. అయినా కదల్లేదు. కేకలు వేసినా అంతే. పక్కనే పియానో మీద ఎంత గట్టిగా వాయించినా అంతే. కచేరీలో అంత నిశ్చలంగా కూర్చునే శ్రోతలు ఏ సంగీత సభకూ దొరకరు.

ఇంకెవరైనా అయితే ఇక్కడ సామెతను ఒప్పుకుని భోజనానికి లేచేవారు. డార్విన్ మాత్రం రెండు పాములున్న కుండీల్ని తీసుకెళ్ళి పియానో మీదే పెట్టించి, ఒక్క మెట్టు నొక్కించాడు. పాములు రెండూ చటుక్కున బొరియల్లోకి దూరాయి. గాలిలో వచ్చే శబ్దం వాటికి వినబడదు. కింద నుంచి వచ్చే అదురు మాత్రం ఒళ్ళంతా తెలుస్తుంది. అంటే శంఖాన్ని చెవిటివాడి ముందు ఊదడం దండగే కానీ, అతను కూర్చున్న బల్లకు ఆనించి ఊదితే ఫలితం ఉంటుంది. సామెత చెప్పినవాళ్ళు ఈ రెండో ప్రయత్నం దాకా వెళ్ళలేదు.

ఈ మనిషి 1809లో ష్రూస్‌బరీ పట్టణంలో పేరున్న డాక్టరు ఇంట పుట్టాడు. కొడుకు కూడా డాక్టరు కావాలని తండ్రి ఎడింబరాకు పంపాడు. మత్తుమందు ఇంకా రాని కాలం. అక్కడ ఆపరేషన్లు చూడలేక కుర్రవాడు గదిలోంచి పరుగెత్తాడు. చదువు మానిపించి, పాదిరీ అయినా అవుతాడని కేంబ్రిడ్జికి పంపారు. అక్కడ ఆయన వేదాంతం కన్నా శ్రద్ధగా చదివినవి పేడపురుగులూ, వాటి జ్ఞాతులూ. ఒకరోజు చెట్టు బెరడు ఊడదీస్తే రెండు అరుదైన పురుగులు దొరికాయి. చేతికొకటి పట్టుకున్నాడు. అంతలో మూడోది కనబడింది. మూడో చెయ్యి లేదు కాబట్టి కుడిచేతిలోని పురుగును నోట్లో వేసుకున్నాడు. అది నాలుక భగ్గుమనే ద్రవమేదో చిమ్మింది. ఉమ్మేయక తప్పలేదు. ఆ పురుగూ పోయింది, మూడోదీ పోయింది. వేటా, కుక్కలూ, ఎలుకలు పట్టడమూ తప్ప వీడికి మరో ధ్యాస లేదు, వంశానికే తలవంపులు తెస్తాడని తండ్రి అప్పటికే తిట్టి ఉన్నాడు. ఈ పురుగు సంగతి కూడా వింటే ఇంకేమనేవాడో.

1831లో బీగిల్ అనే ఓడ మీద ప్రపంచం చుట్టి వచ్చే అవకాశం వచ్చినప్పుడు తండ్రి ఎనిమిది అభ్యంతరాలు చెప్పాడు. ఒక్క మాటలో చెప్పాలంటే అది పనికిమాలిన యాత్ర. అప్పుడు అడ్డుపడినవాడు మేనమామ జోసయ్య వెడ్జ్‌వుడ్. తెలుగు కుటుంబాల్లో మేనమామలు చేసే పనే ఆయనా చేశాడు. తేడా ఏమిటంటే బావగారి ముందు గొంతు పెంచకుండా, ఎనిమిదింటికీ వరసగా జవాబులు రాసి పంపాడు. బావగారు మెత్తబడ్డాడు. ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ మాత్రం ఈ కుర్రవాడి ముక్కు వాటం చూసి, ఇంత దూరప్రయాణానికి కావలసిన దృఢచిత్తం వీడికి ఉండదేమోనని సందేహించాడు. సాముద్రికం నమ్మేవాళ్ళు ఒక్క దేశంలోనే ఉంటారని అనుకోనక్కరలేదు.

ఆ ముక్కుతోనే డార్విన్ దాదాపు అయిదేళ్ళు తిరిగాడు. దక్షిణ అమెరికా దక్షిణాన రియా అనే, నిప్పుకోడిలాంటి పెద్ద పక్షిలో ఒక అరుదైన చిన్నజాతి ఉందని విని, దాని కోసం నెలల తరబడి వెతికాడు. ఓడలో చిత్రకారుడిగా వచ్చిన కాన్రాడ్ మార్టెన్స్ ఒకరోజు ఓ పక్షిని కొట్టి తెచ్చాడు. వండారు, తిన్నారు. ఆ తర్వాత డార్విన్‌కు తట్టింది, తాము తిన్నది ఆ అరుదైన జాతినేనని. మిగిలిన తల, మెడ, కాళ్ళు, రెక్కలు, ఈకలు, చర్మం పోగుచేసి లండన్‌కు పంపాడు. ఆ ఎంగిలి విస్తరి ఆధారంగానే పక్షిశాస్త్రవేత్త జాన్ గూల్డ్ ఆ జాతికి డార్విన్ పేరు పెట్టాడు. తిన్నవాడి పేరు తినబడినదానికి పెట్టడం శాస్త్రంలో తరచు జరిగే పని కాదు.

వానపాముల గొడవకు మూలం కూడా ఆ మేనమామే. 1837లో మేయర్ గ్రామంలోని తన పొలం చూపించి, ఏళ్ళ కిందట ఇక్కడ పైన చల్లిన సున్నమూ, బొగ్గు కసుగూ ఇప్పుడు నేల అడుగున ఉన్నాయి, ఇది వానపాముల పని కావచ్చు అన్నాడు. పాములు అడుగు మట్టిని మింగి పైన కక్కుతుంటే, పైన ఉన్నది మెల్లగా కిందికి దిగిపోతుందన్నమాట. అల్లుడు ఆ మాట పట్టుకుని అదే ఏడాది లండన్‌లోని భూవిజ్ఞాన సంఘంలో ఒక వ్యాసం చదివేశాడు. అక్కడితో ఆగలేదు. 1842 డిసెంబరులో తన ఇంటి దగ్గరి పొలంలో సుద్దముక్కలు చల్లించి, అవి ఎంత లోతుకు దిగుతాయో చూద్దామని కూర్చున్నాడు. తవ్వి చూసింది 1871 నవంబరులో. ఇరవైతొమ్మిదేళ్ళు. సుద్ద 7 అంగుళాల లోతున ఉంది. పాతిన మామిడి టెంకను రోజూ తవ్వి మొలిచిందా అని చూసే పిల్లలున్న ఇళ్ళలో ఈ ఓపిక నమ్మశక్యం కాదు.

ఈ మధ్యలో పెళ్ళి. 1838లో ఆయన ఒక కాగితం మీద గీత గీసి, ఒక పక్క చేసుకుంటే, ఇంకో పక్క చేసుకోకపోతే అని లెక్క వేశాడు. చేసుకోకపోతే ఎక్కడికైనా తిరగవచ్చు, పుస్తకాలకు డబ్బు మిగులుతుంది, చుట్టాలిళ్ళకు వెళ్ళనక్కరలేదు. చేసుకుంటే ముసలితనంలో తోడుంటుంది. ఆ తోడు ఎలాగూ కుక్క కన్నా నయమని కూడా రాసుకున్నాడు. చివరికి చేసుకోవాలనే తేలింది, కింద రేఖాగణితంలో సిద్ధాంతం నిరూపించాక వేసే ముద్ర కూడా వేశాడు. మరుసటి జనవరిలో పెళ్ళాడిన ఎమ్మా ఆ మేనమామ కూతురే. ఇంత పెద్ద పట్టిక వేసినవాడికి ఆ పట్టికలో మేనరికం అన్న గడి పెట్టాలని తోచలేదు. అది ఆలస్యంగా తోచింది. మొక్కల్లో దగ్గరి సంపర్కం వల్ల సంతానం బలహీనపడుతుందని ఏళ్ళ తరబడి పరీక్షించి గ్రహించాక, తన పిల్లల అనారోగ్యానికీ ఇదే కారణమా అని కుమిలిపోయాడు. పదిమంది బిడ్డల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. 1871 జనాభా లెక్కల్లో మేనరికాల గురించి ఒక ప్రశ్న చేర్చాలని ఆయన పట్టుబడితే పార్లమెంటు వీల్లేదంది. ఇంటి గుట్టు అడగడం మర్యాద కాదనుకునేవాళ్ళు అక్కడా ఉన్నారు.

డౌన్‌లోని ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. 1846 నుంచి ఎనిమిదేళ్ళు ఆయన బార్నకిల్స్ అనే, రేవు రాళ్ళకూ ఓడల అడుగుకూ అంటుకుని బతికే గుల్ల జీవుల్ని కోసి చూస్తూ గడిపాడు. తండ్రులందరి ఉద్యోగమూ ఇదే అనుకున్న పిల్లవాడు ఒకడు, పొరుగింటాయన తన బార్నకిల్స్ పని ఏ గదిలో చేసుకుంటాడని అడిగాడట. ఆ తర్వాత ఉప్పునీళ్ళ సీసాలు. సముద్రం దాటి విత్తనాలు దీవులకు చేరగలవా అన్నది ప్రశ్న. ఉప్పునీటిలో విత్తనాలు చస్తాయని స్నేహితుడు హుకర్ నమ్మకం. పెద్ద వృక్షశాస్త్రవేత్త మాట కదా అని డార్విన్ ఊరుకోలేదు. 87 రకాల విత్తనాలు నానబెట్టాడు, కొన్ని కుళ్ళి ఇల్లంతా కంపు కొట్టింది. 28 రోజుల తర్వాత వాటిలో 64 మొలిచాయి. హుకర్‌ను నాన్న ఓడిస్తాడా అని పిల్లలు పందెం చూస్తున్నట్టు రోజూ అడిగేవారు. మరోసారి చెరువు అంచు నుంచి మూడు గరిటెల బురద తెచ్చి, ఎండితే దాదాపు 190 గ్రాములే తూగే ఆ మట్టిని టీ కప్పులో వేసి గదిలో పెట్టుకుని, ఆరు నెలల పాటు మొలిచిన ప్రతి మొక్కనూ పీకి లెక్కపెట్టాడు. మొత్తం 537. కొంగ కాలికి అంటిన బురద ఎన్ని మొక్కల్ని దేశాలు దాటించగలదో దీన్నిబట్టి తెలిసింది. 1859లో వచ్చిన ‘జాతుల పుట్టుక’ గురించి ప్రపంచం ఇప్పటికీ పోట్లాడుకుంటోంది కాబట్టి ఇక్కడ దాన్ని కదపనక్కరలేదు. ఆ పుస్తకంలో ఈ కప్పు బురద కూడా ఉందని మాత్రం పోట్లాడేవాళ్ళు మరిచిపోతుంటారు.

1869లో ఒకాయన పత్రికలో డార్విన్ వానపాముల వాదాన్ని కొట్టిపారేశాడు. అంత బలహీనమైన, అంత చిన్న జీవి అంత పెద్ద పని చేయలేదన్నది ఆయన వాదన. ఆయన ఇంటిపేరు ఫిష్. వానపాముల విషయంలో చేప మాటకు విలువ ఇవ్వాలో వద్దో గాలం పట్టినవాళ్ళే చెప్పాలి. డార్విన్ మాత్రం ఆ వాదనను తర్వాత రాసిన తన వానపాముల పుస్తకం మొదట్లోనే ఎత్తుకున్నాడు. చిన్న కారణం చాలాకాలం పనిచేస్తే ఏమవుతుందో మనుషులకు లెక్క అందదు అన్నదే ఆయన జీవితమంతా చెప్పిన మాట. జాతుల విషయంలోనూ అదే, మట్టి విషయంలోనూ అదే.

పాముల పరీక్షలు ముదిరాయి. రాత్రిళ్ళు ఎర్ర, నీలి అద్దాల లాంతర్లు పట్టి చూశాడు. పొగాకు నమిలి, అత్తరు పూసిన దూది నోట్లో పెట్టుకుని వాటి మీద మెల్లగా ఊపిరి వదిలాడు. పట్టించుకోలేదు. క్యాబేజీ ముక్కలూ ఉల్లిపాయా మట్టిలో దాస్తే వెతికి తీశాయి. అంటే అత్తరు రుచించకపోయినా కూర వాసన తెలుసన్నమాట. బొరియ నోరు మూయడానికి అవి ఆకుల్ని ఏ కొసన పట్టి లాక్కుపోతాయన్నది తర్వాతి ప్రశ్న. దీనికోసం ఇంటివాళ్ళు కాగితాన్ని సన్నని త్రికోణాలుగా కత్తిరించి, రెండు వైపులా పచ్చి కొవ్వు రాసి, పెరట్లో పరిచారు. 303 త్రికోణాలు. వాటిలో 62 శాతాన్ని పాములు మొన వైపునే పట్టి లాక్కుపోయాయి, అంటే ఏ వైపు సులువో తడిమి చూసుకున్నాయి. సోఫాను వీధిగుమ్మంలో అడ్డంగా ఇరికించి అరగంట కేకలు వేసుకునే మనుషుల్ని చూసినవారికి ఈ అంకె గౌరవం కలిగిస్తుంది. వానపాముకు ఎంతో కొంత తెలివి ఉందని డార్విన్ నిర్మొహమాటంగా రాశాడు.

అరవైఎనిమిదో ఏట స్టోన్‌హెంజ్‌కు రైలెక్కి వెళ్ళాడు. ఆ పురాతన శిలల చరిత్ర చూడటానికి కాదు, పడిపోయిన రాళ్ళను పాములు ఎంత మేర పూడ్చాయో తవ్వి కొలవడానికి. అన్నీ కూడి 1881 అక్టోబరులో పుస్తకమైంది. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వానపాముల ఒంట్లోంచి పైకి వస్తుందని అందులో లెక్క కట్టాడు. వర్మీ కంపోస్టు బస్తా కొని పొలంలో చల్లే తెలుగు రైతుకు ఇందులో వింత లేదు. అప్పటి లండన్ పాఠకుడికి ఉంది. పుస్తకం వేలల్లో అమ్ముడైంది. ‘పంచ్’ అనే హాస్యపత్రిక, వానపాము మెలికలు తిరుగుతూ కోతై, చివరికి టోపీ పెట్టుకున్న దొరగా తేలే బొమ్మ వేసి మురిసిపోయింది.

1882 ఏప్రిల్ 19న ఆయన పోయాడు. డౌన్ చర్చి ఆవరణలోనే, అన్న ఎరాస్మస్ పక్కన, మెత్తని మట్టిలో పూడ్చుతారని ఇంటివాళ్ళూ ఊరివాళ్ళూ అనుకున్నారు. లండన్ పెద్దలు ఒప్పుకోలేదు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, న్యూటన్ సమాధికి కొద్ది అడుగుల దూరంలో పెట్టి, పైన రాతిపలక వేశారు. దాదాపు నలభైయేళ్ళ పరిచయం ఉన్న డౌన్ వానపాములకు కడసారి చూపు కూడా దక్కలేదు.