బాబు బయల్దేరారు, ఓవర్!

విదేశాల్లో కారవాన్ అంటే తిరిగే ఇల్లు. రిటైరైన దంపతులు మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ ఒకే బండికి ఎక్కించుకుని నెలల తరబడి ఊళ్లు దాటుతారు. నాలుగు బండ్లు కలిసి పోతుంటే ముందు బండి వెనక బండికి వాకీటాకీలో చెబుతుంది: మలుపుంది మెల్లగా రండి, తర్వాతి బంకు దగ్గర ఆగుదాం. కొండల్లో సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండదు గనుక ఆ రేడియోకి అక్కడ పనుంది.

మన సినిమా కారవాన్ ఘనత వేరు. అది కదలదు. పొద్దున్నే వచ్చి హైదరాబాద్‌లో అమీర్‌పేట సారథి స్టూడియో పరిసరాల్లోనో, పంజాగుట్ట వైపు రోడ్డు వారనో ఆగుతుంది. ఏసీ కోసం రోజంతా డీజిల్ తాగుతుంది. రాత్రి ప్యాకప్ చెప్పగానే వెళ్లిపోతుంది. అందులోని యాత్రికుడు హీరోగారు, సెట్లో అందరికీ 'బాబు'. ఆయన ప్రయాణమల్లా కారవాన్ మెట్ల నుంచి కెమెరా దాకా, మహా అయితే యాభై అడుగులు. ఆ యాభై అడుగుల యాత్రకు సెట్లో పది వాకీలు కాపలా.

"షాట్ రెడీ. బాబుని పిలవండి, ఓవర్."
"కాపీ. బాబు టచప్‌లో ఉన్నారు."
"ఎండ పోతోంది అన్నా, బాబు దిగారా?"
"బాబు ఫోన్లో ఉన్నారు."
"ఇప్పుడో?"
"బాబు అడుగుతున్నారు, హీరోయిన్‌గారు దిగారా అని."
"హీరోయిన్‌గారు అడుగుతున్నారు, బాబు దిగారా అని."

ఈలోగా మధ్యాహ్నం భోజనానికి బ్రేక్ చెబుతారు. తర్వాత ఒక శుభ ముహూర్తాన అన్ని వాకీల్లోనూ ఒకేసారి మోగుతుంది: "బాబు బయల్దేరారు!" లైట్‌మెన్ లేస్తారు, గొడుగు లేస్తుంది, కుర్చీలోంచి దర్శకుడు కూడా లేస్తాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వాకీటాకీని వీపున మోసిన సైనికులు శత్రు ట్యాంకు వస్తోందని చెప్పడానికి కూడా ఇంత ఉద్వేగపడి ఉండరు.

వాకీటాకీ పనిచేసే పద్ధతి మన పరిశ్రమ రాజ్యాంగంలా ఉంటుంది. బటన్ నొక్కినవాడే మాట్లాడాలి, నొక్కినంతసేపూ మిగతావాళ్లు వినాలి. ఇద్దరూ ఒకేసారి నొక్కితే గరగర తప్ప ఏమీ వినపడదు. నిర్మాతకూ ఒక సెట్ ఇస్తారు, గౌరవార్థం. వడ్డీ లెక్కేసుకుంటూ ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంటాడు. బటన్ నొక్కగా చూసినవాడు లేడు.

చట్టం సంగతీ చెప్పుకుందాం. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. ఆ గీత దాటితే కావాలి. ఏ ఫ్రీక్వెన్సీయో, లైసెన్సు కావాలో వద్దో చెప్పకుండా ఆన్‌లైన్ అంగళ్లు వాకీటాకీలు అమ్మేస్తున్నాయని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో నోటీసులిచ్చి, అమ్మకాలకు మార్గదర్శకాలు కూడా పెట్టింది. పంజాగుట్ట దాటితే సోమాజిగూడ. అక్కడ జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. హామ్ రేడియోవాళ్లు గాలిలో నోరు విప్పాలంటే ముందు పరీక్ష రాసి పాసవ్వాలి. కారవాన్ ఎక్కడానికి అలాంటి పరీక్షేదీ లేదు. ఇంటిపేరు సరిపోతుంది.

పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చేతిలోనూ ఒక సెట్ ఉంటుంది. నిమ్స్ ఆసుపత్రికి అంబులెన్స్ వస్తోందంటే దారి ఇప్పించేది ఆ సెట్టే. అలాంటి అత్యవసరంలోనే 2021 ఫిబ్రవరి 2న ఎల్బీనగర్ ఆసుపత్రి నుంచి జూబ్లీహిల్స్ ఆసుపత్రికి ఒక గుండెను తరలించారు. నాగోలు నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా, అమీర్‌పేట మీదుగా, ప్రత్యేక మెట్రో రైల్లో 21 కిలోమీటర్లు అరగంట లోపే దాటించారు. ఒళ్లు వదిలి వచ్చిన గుండె నగరాన్ని అంత వేగంగా దాటింది. ఒంట్లోనే ఉన్న గుండెతో మన కథానాయకుడు కారవాన్ మూడు మెట్లు దిగడానికి కాల్షీట్‌లో సగం పడుతోంది.

సారథిలో తీసిన 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో విడుదలైంది. హైదరాబాద్‌లోనే పూర్తిగా తీసిన తొలి తెలుగు సినిమాగా దానికి పేరు. అప్పుడు కారవానూ లేదు, వాకీ కూడా లేదు. మేకప్ గది తలుపు మీద చేత్తో కొడితే మనిషి బయటికొచ్చేవాడు. అంత అనాగరిక కాలం!

ఈ ఆలస్యాల, దుబారాల రోగం నిర్మాతలకు తెలియదనుకోకండి. 2022 ఆగస్టు 1 నుంచి షూటింగులు ఆపి మరీ కూర్చున్నారు. నటుల సిబ్బంది జీతాలు, స్థానిక రవాణా, బస, ప్రత్యేక భోజనం అన్నీ పారితోషికంలోనే అని, కాల్షీట్ వేళలు కచ్చితంగా పాటించాలని తీర్మానించారు. తీర్మానం అందరికీ వినపడింది. అందరూ "కాపీ" అన్నారు. సెట్లో "కాపీ" అంటే విన్నామని మాత్రమే. చేస్తామని ఎవరన్నారు?

మూడేళ్లు తిరిగి మళ్లీ ఆగస్టు వచ్చింది. 2025లో సినీ కార్మికులు వేతనాలు 30 శాతం పెంచమన్నారు. అప్పుడు మాత్రం పరిశ్రమ లెక్కల పుస్తకం తెరిచి రూపాయి రూపాయి లెక్కేసింది. 18 రోజుల సమ్మె తర్వాత, రోజుకు రెండు వేల లోపు తెచ్చుకునేవాళ్లకు మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం దక్కింది. ఎండలో లైటు మోసేవాడి కూలి విడతల్లో పెరగాలి. ఖాళీ కారవాన్‌లో ఏసీ మాత్రం ఒక్క విడత కూడా ఆగకూడదు.

కృష్ణానగర్ నుంచి తెల్లవారకముందే బయల్దేరే జూనియర్ ఆర్టిస్టులనూ చూడాలి. ఆడవాళ్లు చీర మార్చుకోవాలంటే నలుగురు దుప్పటి అడ్డం పట్టుకోవాలి. మరుగుదొడ్డి కోసం దగ్గర్లో ఎవరింటి తలుపైనా తట్టాలి. మంచినీళ్లు తక్కువ తాగడమే వాళ్లకు తెలిసిన ఉపాయం. కేరళలో 2024లో బయటికొచ్చిన హేమ కమిటీ నివేదిక అక్కడి సెట్ల మీద రాసింది ఇదే, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే చోటు లేవని. మన సెట్లో మరుగుదొడ్డి ఉంది. చక్రాల మీద ఉంది, గడియ పెట్టి ఉంది, బయట ఇద్దరు బౌన్సర్లున్నారు.

నిర్మాతలకు ఒక విన్నపం. హీరోగారి కారవాన్ తీసేయమనడం లేదు, అంత సాహసం మాకు లేదు. ఆ పక్కనే జూనియర్ ఆర్టిస్టుల కోసం ఇంకో బండి పెట్టించండి. దానికి వాకీ ఖర్చు కూడా ఉండదు. వాళ్లను ఎవరూ పిలవక్కర్లేదు, షాట్‌కు గంట ముందే వచ్చి నిలబడతారు.