తోటకూరకూ ఒక తరగతి!

తోటకూర ఎలా వేసుకోవాలో చెప్పడానికి బోర్డు, మార్కరు, రంగుల పటాలు! పంచాయతీ ఆఫీసు వరండాలో డ్వాక్రా ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఒక అమ్మాయి పాఠం చెబుతుంటే, పోతూ పోతూ ఆగి విన్నాను. వంటింటి నీళ్ళు వృథా చేయొద్దట. విత్తనం దాచుకోవాలట. మా అమ్మకు ఎవరు చెప్పారండీ ఇవన్నీ?

మా రోజుల్లో అంట్లు తోమిన నీళ్ళు నేరుగా అరటి పాదులోకి, అక్కణ్ణుంచి చేమదుంపల్లోకి పోయేవి. తోమేది బూడిదతో కాబట్టి మొక్కకు చేటు లేదు. బచ్చలి దడి మీదికి, ఆనపపాదు పాక మీదికి. విత్తనానికి వదిలిన బీరకాయ జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు మా అమ్మ. అది ఎండి, ఊపితే గలగలమనేదాకా చూరుకు వేలాడాల్సిందే. ఆ గింజల్ని పురుగు పట్టకుండా బూడిద కలిపి పిడతలో పోసేది.

ఇప్పుడు పెరడంతా సిమెంటు. కాలికి మట్టి అంటకూడదు మరి! కరివేపాకు కూడా కొనుక్కొచ్చి ఫ్రిజ్జులో దాస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత అని తేలింది. మునగాకేమో దూసేవాళ్ళు లేక చెట్టునే ముదిరిపోతోంది.

మా కాలమంతా బంగారమని నేననను. పెరడు లేని ఇళ్ళు అప్పుడూ ఉన్నాయి. వాళ్ళకు చేనే పెరడు. కలుపుకు వెళ్ళిన ఆడవాళ్ళు పొద్దుగూకే వేళకు గంగపాయల, పొన్నగంటి, చెంచలి, తుమ్మి ఒళ్ళో నింపుకొని వచ్చేవారు. పైసా పెట్టకుండా రాత్రికి కూర. కలుపు మందు వచ్చాక కూలీ పోయింది, కూరా పోయింది. ఆ ముక్క మాత్రం బోర్డు మీద కనబడలేదు.

ఆ అమ్మాయిని తప్పుపట్టను. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను కలిపితే జీవామృతమని తడుముకోకుండా చెప్పింది. (మొక్కలకు బెల్లం! మా చిన్నప్పుడు మాకే అడిగి పెట్టించుకోవాల్సి వచ్చేది.) ఆకుకూర ఒకేసారి చల్లకుండా పది పదిహేను రోజులకోసారి కాస్త కాస్త చల్లితే ఇంట్లోకి పోగా అమ్ముకోవడానికీ ఉంటుందంది. మా అమ్మకు ఆ లెక్క లేదు. మిగిలింది పక్కింటికి పంపడమే గాని, అమ్మడమంటే నామోషీ.

పాఠం మంచిదే, చల్లడానికి చోటేదీ? 2020 డిసెంబరులో పంచడం మొదలుపెట్టిన ఇళ్ళ స్థలాలు పల్లెల్లో సెంటున్నర. అంటే 72 గజాల పైచిలుకు. ఇల్లు, మరుగుదొడ్డి కట్టాక బచ్చలి ఎక్కడ పాకుతుంది? నేర్పేవాళ్ళను పంపేముందు కాలనీకో అరెకరం, ఒక బోరు ఇప్పించండి. తోటకూర సంగతి ఆ ఆడవాళ్ళే చూసుకుంటారు.