నా వయసు పుస్తకంలో ఉంది

నేను హెలికాప్టర్ రెక్కని. ఇద్దరు మాత్రమే కూర్చునే రాబిన్సన్ ఆర్22 నెత్తిన తిరిగే జోడు రెక్కల్లో ఒకదాన్ని. పుట్టిల్లు కాలిఫోర్నియాలోని టారెన్స్. మనుషుల ఆయుష్షు బ్రహ్మ నుదుటి మీద రాస్తాడంటారు. నాది నన్ను చేసినవాళ్లే లెక్కగట్టి రాశారు: 2,200 గంటలు, లేదా 12 ఏళ్లు. ఏది ముందొస్తే అది.

నేను నిమిషానికి ఐదొందల పైచిలుకు చుట్లు తిరుగుతాను. చుట్టు చుట్టుకీ నా మీద భారం పెరుగుతుంది, తగ్గుతుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున తెగదూ? అలాంటి వంపులు నా ఆయుష్షులో దాదాపు 7 కోట్లు. పగులు పుట్టేది లోపల. అది కంటికి కనబడేలోగానే కొంప మునగొచ్చు. ఇద్దరిలో ఒకరం విరిగితే రెండోదానివల్ల ఏమీ కాదు. అందుకే పాడయ్యాక కాదు, బాగున్నప్పుడే మమ్మల్ని దించెయ్యాలి. ఏళ్ల గడువు తుప్పుకోసం. షెడ్డులో ఊరికే ఉన్నా అది తన పని తాను చేసుకుపోతుంది.

నా కాపురం ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీలో, కనుచూపు మేరా పరుచుకున్న ఒక పశువుల ఫారంలో. చెట్ల తలలమీదుగా ఎగురుతూ మందని తోలడం మా పని. ఒక్క ఎద్దు పక్కకి పరిగెత్తినా గిరుక్కున తిరగాల్సిందే. ఎగిరిన గంటలు సాయంత్రం లాగ్‌బుక్కులో ఎక్కించాలి. మా యజమాని ఐదు గంటలెగిరితే మూడు రాసేవాడు. గంటలు లెక్కపెట్టే మీటరు వైరు ఊడదీసిన రోజులూ ఉన్నాయి. కొత్త రెక్కల జత కొనడమంటే మాటలా! నాకన్నీ తెలుసు. చెప్పడానికి నోరేది?

ఒక తనిఖీలో ఇంజనీరు నన్ను ఆ కొసనుంచి ఈ కొసదాకా తడిమి చూశాడు. గీతయినా లేదు. లాగ్‌బుక్కు తెరిచాడు. అందులో నా వయసు 1,640 గంటలు. పక్కన పెట్రోలు బిల్లులు పెట్టుకుని కూడటం మొదలుపెట్టాడు. ఈ యంత్రం గంటకి తాగేది ముప్పై లీటర్లు, ఆ పైన కాస్త. బిల్లుల ప్రకారం ఖాళీ అయిన పీపాలకీ, రాసిన గంటలకీ పొంతనే లేదు.

"కొత్తవాటిలా ఉన్నాయిగా!" అన్నాడు యజమాని.

"చూస్తే తెలిసేదైతే పుస్తకమెందుకు?" అన్నాడు ఇంజనీరు.

వయసు తేలని రెక్కకి ఇక గాలి లేదు. ఇద్దర్నీ దించేశాడు.

దించినంత మాత్రాన కథ అయిపోదు. రంగేసి మళ్లీ అమ్మేవాళ్లుంటారు. గడువు తీరిన భాగాలు తిరిగి ఎక్కకుండా చూడాలని అమెరికాలో 2002 నుంచి నియమమే ఉంది: ట్యాగు కట్టడం, చెరగని గుర్తు వెయ్యడం, విడిగా దాచడం, లేదా బాగుచెయ్యడానికి వీల్లేకుండా కోసెయ్యడం. మా ఇంజనీరు రంపం అందుకున్నాడు.

కోసే ముందు నా సీరియల్ నంబరు పుస్తకంలో రాసుకున్నాడు. 'మొత్తం గంటలు' అన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. చివరికి 'తెలియదు' అని రాశాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ పుస్తకంలో పడ్డ నిజం అదే.