కాకాకు అంతా యాదుంది

సోలాపూర్‌లో తెలుగువాళ్లుండే తూర్పు పేటల్లో ఏ చౌక్‌కు వెళ్లినా చాయ్ హోటల్ బెంచీ మీద ఒక కాకా కనిపిస్తాడు. వయసు డెబ్బై దాటింది. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచో పాలమూరు నుంచో మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలి కుటుంబం. చాదర్ల కార్ఖానాలో నలభై ఏళ్లు సాంచాలు (మరమగ్గాలు) నడిపాడు. ఇప్పుడు సాంచాలు లేవు కాబట్టి జ్ఞాపకాలు నడుపుతున్నాడు.

"1930 మేలో గోరా సిపాయిలు ఈ సందులనే తిరిగిండ్రు. మార్షల్ లా! నా కండ్లతోటి చూసిన."

"కాకా, నువ్వు పుట్టిందెప్పుడు?"

"స్వాతంత్ర్యం వచ్చిన మూడేండ్లకు."

"మరి?"

"మా బాపు చూసిండు. బాపు చూస్తేంది, నేను చూస్తేంది?"

అబద్ధమాడుతున్నాడనుకోకూడదు. మార్షల్ లా నిజం. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ శిందే, కిసన్ సారడా, కుర్బాన్ హుసేన్‌లను యెరవాడలో ఉరితీయడమూ నిజమే. విన్న విషయం మనసులో నిలిచిపోతుంది, ఎవరి నోట విన్నామన్నది ముందుగా చెరిగిపోతుంది. నిలిచింది కూడా మెల్లగా రూపు మారుతుంది. కేంబ్రిడ్జి ఆచార్యుడు బార్ట్‌లెట్ అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లండ్‌వాళ్లకు చదివించి, ఉండుండి మళ్లీ మళ్లీ చెప్పించాడు. చెప్పగా చెప్పగా కథలోని సీల్ వేట చేపల వేటైంది. తెలియనివి రాలిపోయి, తెలిసినవి వచ్చి చేరాయి. ఆ సంగతులతో ఆయన పుస్తకం 1932లో వచ్చింది. అంటే సోలాపూర్‌లో కాకా వాళ్ల బాపు కథ చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లోనే.

1972 కరువు గురించి అడిగితే మాత్రం కాకా నిజంగానే సాక్షి. ఏ బావి ఎండింది, ఎవరి పెళ్లి ఆగింది, జొన్నల కోసం ఎంత పొడుగు లైన్ కట్టారు, అంతా పూస గుచ్చినట్టు చెబుతాడు. అదే 1995 గురించి అడగండి. "ఏముంది, పని చేసినం, తిన్నం" అంటాడు. పెద్దవాళ్లకు పదేళ్లకూ ముప్పైకీ మధ్య జరిగినవే దండిగా గుర్తుంటాయని పరిశోధకులు చాలా దేశాల్లో గమనించారు. కాకా సభలో ఎప్పుడూ ఆ పడుచుకాలమే నడవడానికి కారణం ఇదే. ఎన్‌డెల్ టుల్వింగ్ 1972లోనే జ్ఞాపకాన్ని రెండుగా విడదీశాడు: మనకు జరిగిన ఘటనల యాది ఒకటి, లోకజ్ఞానం ఇంకొకటి. మార్కండేయ రథం శ్రావణ పౌర్ణమికి బయల్దేరుతుందని తెలియడం రెండోది. ఫలానా ఏడు ఆ రథం వెనక కొత్త చెప్పులు పోగొట్టుకోవడం మొదటిది. కాకాకు చెప్పులే ముఖ్యం.

సరుకుల దగ్గరికొచ్చేసరికి అదే బుర్ర చేతులెత్తేస్తుంది. ఆయన భార్య కాకు మూడే మూడు చెప్పి పంపుతుంది: శనగపిండి, జీలకర్ర, సబ్బు. కాకా దారిపొడుగునా గొణుక్కుంటూ పోతాడు. ఆ గొణుగుడు ఆగిందా, అంతే సంగతులు. 1959లో పీటర్సన్ దంపతులు మూడక్షరాలు చెప్పి, వెంటనే ఒక అంకె నుంచి మూళ్లు తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లకల్లా చాలామంది అక్షరాలు ఎగిరిపోయాయి. కాకాకు అంత లెక్క కూడా అక్కర్లేదు. "కాకా, పగార్ల మీద ఉచల్ (అడ్వాన్సు) ఎంత కోస్తుండ్రి అప్పట్ల?" అని ఎవరో అడిగితే చాలు. గంట తర్వాత సబ్బొక్కటే ఇంటికి చేరుతుంది.

ఆయన గొప్పగా చెప్పుకోని యాది ఒకటుంది, అసలు గొప్ప అదే. కార్ఖానాలో పోగు తెగితే కుర్రాడు తడబడేవాడు. కాకా అటువైపు చూడకుండానే, ముచ్చట ఆపకుండానే ముడి వేసేసేవాడు. ఎలా వేశావంటే చెప్పలేడు. చెప్పబోతే వేళ్లు చిక్కుపడతాయి. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్‌కు మూర్ఛ తగ్గడానికి మెదడు శస్త్రచికిత్స చేశారు. ఆ తర్వాత కొత్త సంగతులేవీ ఆయనకు నిలవలేదు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడపడం మూడు రోజుల్లో బాగా నేర్చుకున్నాడు. రోజూ అదే మొదటిసారి అనుకుంటూనే! బ్రెండా మిల్నర్ చూపించిన ఈ వింతతో చేతిపనికి మెదడులో వేరే దారి ఉందని తేలింది. కాకా వేళ్లదీ ఆ దారే.

ఇక ఇల్లు. కాపురం కుంభారి దగ్గరి గోదూతాయి పరులేకర్ విడీ ఘర్కుల్‌లో. బీడీ కార్మిక మహిళల కోసం నర్సయ్య ఆడం నాయకత్వంలో పోరాడి సాధించుకున్న పది వేల ఇళ్ల కాలనీ అది. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఇళ్లు అప్పగించారు. చౌక్‌లో మాత్రం "నేను సంపాదించిన ఇల్లు" అని వినిపిస్తుంది. 1979లో రాస్, సికోలీ అనే ఇద్దరు పరిశోధకులు భార్యాభర్తలను విడివిడిగా ఇంటిపనిలో ఎవరి వాటా ఎంతని అడిగితే, చాలా జంటల్లో రెండు వాటాలూ కలిపి నూటికి మించిపోయాయి. ఎవరి కష్టం వారికి ముందు తడుతుంది.

కాకు వాదించదు. చాటలో తునికాకు పక్కన పెట్టి, ట్రంకుపెట్టెలోంచి తన పేరున్న కాగితం తీసి చేతికిస్తుంది. కాకా రెండుసార్లు చదువుతాడు.

"అవ్, యాదున్నది" అంటాడు. "ఆ దినం నీకు రిక్షా మాట్లాడింది నేనే."