షీల్డు మామ

ఆటగాడి సత్తా తెలుసుకోవడానికి ఆట చూడక్కర్లేదు, వాళ్లింట్లో అద్దాల బీరువా చూస్తే చాలన్నది షీల్డు మామ సిద్ధాంతం. ఇలాంటి మనిషి ఊరికొకడు ఉంటాడు. మా యర్రగొండపాలెంలో ఉన్నాయన కాస్త ముదురు రకం.

మామ జన్మలో కూతకెళ్లి ఎరగడు. బరిలో కాలు పెట్టింది మైకు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికే. అయినా దోర్నాల, త్రిపురాంతకం, పుల్లలచెరువు, ఎక్కడ తిరునాళ్లకు కబడ్డీ పెట్టినా స్టేజీ మీద మూడో కుర్చీ ఆయనదే. మొదటి రెండూ దాతలవి. ఇస్త్రీ చెడని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో మడతలుపెట్టిన కాగితం. ఆ కాగితంలో ఎవరు బెస్ట్ రైడరో, ఎవరు బెస్ట్ క్యాచరో ఉంటుంది. అప్పటికి సెమీఫైనల్ కూడా మొదలై ఉండదు.

ఒకసారి ఆ బెస్ట్ రైడర్ షీల్డును దగ్గరగా చూశాను. చెక్కముక్క మీద బంగారు రంగు ప్లాస్టిక్ మనిషి. కాలు వెనక్కెత్తి బంతిని తన్నబోతున్నాడు. కబడ్డీ బొమ్మ మార్కాపురం షాపులో దొరకలేదంట. బొమ్మ కింద దాతగారి నాన్నగారి ఫోటో, ఆయన పేరు, పక్కనే 'జ్ఞాపకార్థం' అని బొటనవేలంత అక్షరాలు. ఇంకా కింద దాత పేరు, ఆయన ఎరువుల కొట్టు ఫోన్ నంబరు. అట్టడుగున, చత్వారం ఉన్నవాళ్లకు కనపడనంత సన్నగా, 'బెస్ట్ రైడర్'. ఆటగాడి పేరు రాయడానికి చోటు మిగల్లేదు. గెలిచినవాడు ఇంటికి తీసుకెళ్లేది వేరేవాళ్ల నాన్న ఫోటో అన్నమాట.

"మామా, ఇది ఫుట్‌బాల్ బొమ్మ గదా?" అంటే, "ఏ ఆటైతే ఏందిరా, షీల్డు షీల్డే" అన్నాడు.

ఆ మాట టీకొట్టు దగ్గర రిటైరైన డ్రిల్లు మాస్టారు చెవిన పడింది. మాస్టారికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. "సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం తెలుసా నీకు?" అని మొదలుపెట్టాడు.

"పద్మశ్రీ వచ్చిందా?" అన్నాడు మామ.

"లేదు."

"మరింకేం ఆడినట్టు?"

మాస్టారు గ్లాసు కింద పెట్టి లెక్క చెప్పాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచినప్పుడు బలరాం అందులో ఉన్నాడు. 1960 రోమ్‌లో, ఆఖరికి కాంస్యం ఎత్తుకుపోయిన హంగరీ మీద మనం 2-1తో ఓడితే, ఆ ఒక్క గోలూ ఆయనదే. పెరూ మీదా ఆయనే కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపే చెప్పుకునేవాళ్లు. చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకి 2023లో కన్నుమూసేదాకా రానేలేదు. ఆయనకు దక్కిన పెద్ద గౌరవం 1962లో ఇచ్చిన అర్జున.

"అర్జున ఉందా? ఆ మాట ముందే చెప్పొద్దూ! అయితే గొప్పోడే" అని మామ అక్కడికక్కడే బలరాంకి ప్రమోషన్ ఇచ్చేశాడు. హంగరీ మీద కొట్టిన గోలు మాత్రం ఆయన చెవికెక్కినట్టు లేదు.

మాస్టారు వదల్లేదు. "మరి ఆ జట్టును తయారుచేసిన కోచ్, మన హైదరాబాద్ రహీం సాయిబు సంగతేంది? 1951లో ఒకటి, 1962లో ఒకటి, రెండు ఆసియా బంగారు పతకాలు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు పెట్టింది 1985లో. ఆయన పోయింది 1963లో."

మామ నిట్టూర్చాడు. "కొంచెం ఓపిక పట్టాల్సింది."

మామకు అంతర్జాతీయ పరిజ్ఞానం కూడా ఉంది. అల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడి ఫుట్‌బాల్‌ను ఎక్కువగా చేత్తోనే పట్టుకుని పరిగెత్తుతారు. ఏటా మేటి ఆటగాళ్లను ఏరి 'ప్రో బౌల్' అని ఆడిస్తారు. ఆ ఎంపికలో జనం ఓట్లకు మూడో వంతు, ఆటగాళ్లకు మూడో వంతు, కోచ్‌లకు మూడో వంతు. ఒక్కసారి ఎంపికైతే చాలు, బతికినంతకాలం పేరు ముందు 'ప్రో బౌలర్' అని వేసుకోవచ్చని అల్లుడు ఫోన్లో చెప్తే మామ ఒళ్లు పులకరించింది.

ఆనక అసలు సంగతి బయటపడింది. ఎంపికైనవాళ్లలో చాలామంది దెబ్బలని, పనులని రారు. వాళ్ల బదులు పిలిపించుకున్నవాళ్లకూ అదే బిరుదు. 2022 సీజన్‌లో బాల్టిమోర్ కుర్రాడు టైలర్ హంట్లీ సీజన్ మొత్తానికి రెండే టచ్‌డౌన్ పాస్‌లు వేసి ఆ దారిలోనే ప్రో బౌలర్ అయ్యాడు. పైగా 2023 నుంచి అందులో ఒకరినొకరు పట్టి పడేయడం లేదు. నడుముకు కట్టుకున్న పీలికలు లాగితే అవుటు.

"పట్టు లేకుండా ఆటేంది?" అని మామ మొదటిసారి తడబడ్డాడు. రెండు నిమిషాల్లో తేరుకుని, "మరి షీల్డు ఇస్తారా?" అన్నాడు.

పోయిన తిరునాళ్లలో మామ సిద్ధాంతానికి అసలు పరీక్ష వచ్చింది. నల్లమల అంచు తండా నుంచి ఒక కుర్రాడు ఆడటానికొచ్చాడు. కాళ్లకు బూట్లు లేవు, బనీనుకు నంబరు లేదు. వాడు కూత పట్టి గీత దాటితే అవతల ఏడుగురూ ఒక్కసారిగా వెనక్కి జరిగేవాళ్లు. మూలనున్న పట్టుగాడైతే ముందుకు చాపిన కాలును తనకు తెలియకుండానే వెనక్కి తీసుకున్నాడు. అంతకు ముందు అరగంటా ఆ కాలు అక్కడే పాతినట్టు ఉంది. ఆటగాడి పరువుకు కొలత నాకైతే ఆ వెనక్కెళ్లిన కాలు దగ్గరే దొరికింది. బహుమతి ఎంచేవాడు సాయంత్రం తీరిగ్గా కూర్చుని ఎంచుతాడు. ఎదుటి జట్టుకు అంత తీరిక లేదు, పొరపాటు పడితే పాయింటు పోతుంది.

బెస్ట్ రైడర్ షీల్డు దాతగారి మేనల్లుడికి వెళ్లింది. రోజంతా రెండుసార్లు కూతకెళ్లి ఒకసారి క్షేమంగా తిరిగొచ్చాడు.

"ఇదేం న్యాయం మామా?" అని అడిగాను.

"అల్లుడూ, వాడికియ్యకపోతే వచ్చే ఏడు షీల్డే ఉండదు. షీల్డు లేకపోతే ఆ తండా పిల్లోడికి మాత్రం ఎక్కణ్నించి తెచ్చిస్తాం?" అన్నాడు. అంత నిజాయితీకి నా దగ్గర జవాబు లేదు.

నెల తిరక్కుండానే దోర్నాల జట్టుతో పంతం పోటీ పడింది. డబ్బు పందెం, పైగా ఊరి పరువు. మన జట్టుకు మేనేజరు మామే. ముందురోజు రాత్రి టీకొట్టు దగ్గర కుర్రాళ్లకు పనులు పురమాయిస్తున్నాడు.

"ఒరే, తెల్లారేసరికి ఆ తండా పిల్లోడికి బండి పంపండి. కోడికూర భోజనం, దారిఖర్చులు నావి. వాడు లేకపోతే ఓడిపోతాం."

"మరి మన బెస్ట్ రైడరు?" అన్నారెవరో.

"ఆయన్ను తప్పకుండా పిలవాలి" అన్నాడు మామ. "స్టేజీ మీదికి. శాలువా కప్పుదాం."